తెల్లదోమ ఒక్కటి కాదు

ప్రత్తి, టొమాటో, వంగ చేలలో ఆకు త్రిప్పి చూచినచో అడుగున తెల్లని పొడి చల్లినట్లు కనబడు పురుగును రైతులందరు ఎరుగుదురు. కదిపినంతనే గుంపుగా ఎగిరి మరల ఆకు క్రిందనే వాలును. పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. మనము తెల్లదోమ అందుము. శాస్త్రజ్ఞులు బెమీసియా టబాకి అందురు. ఇది రసమును పీల్చుటయేగాక ఆకుముడత వంటి వైరసు తెగుళ్ళను మొక్కనుండి మొక్కకు చేర్చును.

ఒక ఊరిలో పనిచేసిన మందు మరియొక ఊరిలో పనిచేయలేదని పంచాయతీ సభ్యులు వినియే యుందురు. మందు కల్తీదని దుకాణదారుని నిందించుట పరిపాటి. ఒక్కొక్కప్పుడు అది నిజమే కావచ్చును. కాని పురుగే వేరగుటయు కలదు.

ఈ పురుగుకు 1889లో గ్రీసు దేశమున, పొగాకుపై దొరికిన దానిని చూచి, పేరు పెట్టిరి. తరువాత దేశదేశములలో వేరువేరు పేర్లు వచ్చినవి. చిత్రమేమనగా, దీని పిల్లపురుగు చివరి దశలో నూగు ఆకుపై ఒక రూపమును, నున్నని ఆకుపై మరియొక రూపమును దాల్చును. ఒకే తల్లి పిల్లలను వేరు జాతులని పండితులే భ్రమపడిరి! 1957లో అమెరికా శాస్త్రజ్ఞురాలు లూయీస్ రసెల్ అట్టి పేర్లను పెక్కింటిని ఒక్క పేరు క్రిందికి చేర్చినారు. అంతట అన్నియు ఒక్కటే యను అభిప్రాయము స్థిరపడెను.

1980 తరువాత అమెరికాలో క్రొత్తరకపు తెల్లదోమ విజృంభించి కూరగాయల తోటలను పాడుచేసెను. అది పట్టిన గుమ్మడిజాతి మొక్కల ఆకులు వెండివలె తెల్లబారినవి. పాతదోమ వలన అట్లు జరిగియుండలేదు. చూపునకు మాత్రము రెండును ఒక్కటే.

ఒకే పేరుగల ఇద్దరు రైతుల పొలములను సర్వే నంబరుతో వేరుపరచునట్లు, ఇట్టి పురుగులను జన్యువులనుబట్టి వేరుపరచవచ్చును. జీవకణమందలి డి.ఎన్.ఎ. నాలుగే అక్షరములతో వ్రాసిన పొడవైన లేఖవంటిది. తల్లినుండి మాత్రమే సంక్రమించు ఒక జన్యువులో సుమారు 650 అక్షరముల భాగమును పరీక్షకు తీసికొందురు. ఒక్క దోమ చాలును. ఆ భాగమునకు కోట్లకొలది ప్రతులు తీసి అక్షరముల వరుసను చదువుదురు. రెండు దోమల వరుసలలో నూటికి మూడున్నర అక్షరములకు మించి భేదమున్నచో వేరు జాతులుగా ఎంచు పద్ధతి 2010లో వచ్చినది. ఈ లెక్కన తెల్లదోమ నలుబదికి దరిదాపు జాతులుగా విడిపోయినది. మూడున్నర యను గీత మనుష్యులు గీచినదే, దానిపై వాదములు లేకపోలేదు. కాని పెక్కు రకములను జతపరచి చూడగా ఆడ సంతానము కలుగకపోవుట ఈ విభజనకు బలమిచ్చుచున్నది.

పైన చెప్పిన క్రొత్తరకము 1999లో కర్ణాటకలోని కోలారు ప్రాంతమున టొమాటోపై బయటపడినది. మన మదనపల్లె టొమాటో రైతులకు కోలారు పొరుగే గదా! చైనాలో మొదట వ్యాపించిన ఈ జాతిని తరువాత మధ్యధరా ప్రాంతపు జాతి పలుచోట్ల త్రోసివేసెను. ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులను అది మిక్కిలిగా తట్టుకొనుట ఒక కారణము. అట్టిచోట అదే మందును మరల చల్లిన రైతు డబ్బు వృథా యగుటయేగాక, మందుకు లొంగని దోమయే మిగులును.

కావున సిఫారసు చేసిన మందును సరియైన మోతాదులో చల్లినను దోమ తగ్గనప్పుడు, లేదా గుమ్మడి ఆకులు క్రొత్తగా వెండిరంగు దాల్చినప్పుడు, మందు మార్చుటకు ముందు వ్యవసాయాధికారికి తెలుపవలెను. నమూనా కోరినచో పది, పదిహేను దోమలను 95 శాతపు ఆల్కహాలు గల చిన్న సీసాలో వేయవలెను. ఫార్మలిన్ పనికిరాదు, అది డి.ఎన్.ఎ.ను పాడుచేయును. ఊరు, పంట, తేదీ, చల్లిన మందు పేరు పెన్సిలుతో కాగితముపై వ్రాసి సీసాలోనే యుంచవలెను. సిరా ఆల్కహాలులో కరగిపోవును.