ఆగవలసిన చోట ఆగని స్క్రిప్టు

ఇంట కంప్యూటరు గల శ్రోతలు వాడుకొను సాఫ్టువేరు, రచయిత వ్రాసిన రూపముననే వారికి చేరదు. దానిని యంత్రమునకు తగినట్లు మార్చి, పరీక్షించి, ఫైళ్ళన్నిటిని ప్యాకేజి అను మూటగా కట్టుదురు. ఈ పనులను వరుసగా నడుపు ఆజ్ఞల పట్టికయే బిల్డు స్క్రిప్టు. దానిని చదివి అమలు జరుపునది షెల్లు అను ప్రోగ్రాము.

ప్రతి ఆజ్ఞయు ముగియగానే ఒక సంఖ్యను తెలుపును. సున్న యనగా పని నెరవేరినట్లు. మరే సంఖ్య యైనను విఫలమైనట్లు. (పరీక్షలలో సున్న తెచ్చుకొను విద్యార్థులకు ఈ పద్ధతి నచ్చవచ్చును.) చిక్కెక్కడ ననగా, ప్రత్యేకముగ చెప్పనిదే షెల్లు ఆ సంఖ్యను లక్ష్యపెట్టదు, తరువాతి పంక్తికి సాగిపోవును. మూడవ ఆజ్ఞ విఫలమైనను పదవ ఆజ్ఞ మూట కట్టివేయును. పైకి మూట నిండుగనే కన్పట్టును. లోపల ముఖ్యమైన ఫైలు ఉండదు.

2015 జనవరిలో స్టీమ్ అను ఆటల ప్రోగ్రాము లినక్సు కూర్పులో ఒక లోపము బయటపడినది. అది బిల్డు స్క్రిప్టు కాదు, ప్రోగ్రామును ప్రారంభించు స్క్రిప్టు. కాని జాడ్య మొక్కటే. ఒక ఫోల్డరులోనికి వెళ్ళి, దాని చిరునామాను గుర్తుంచుకొని, తరువాత అందలి ఫైళ్ళను తుడిచివేయవలెనని దానిలోని ఏర్పాటు. వెళ్ళుటయే విఫలమైనపుడు చిరునామా ఖాళీ యయ్యెను. దాని చివరనున్న ఏటవాలు గీత మాత్రము మిగిలెను. లినక్సులో ఆ గీత సమస్త ఫైళ్ళకును మూలస్థానపు గుర్తు! తుడుపు అక్కడినుండి మొదలై, వాడుకొనువారి సొంత ఫైళ్ళు పోయినవి.

దీనికి ప్రథమ చికిత్స, స్క్రిప్టు మొదట ‘సెట్ మైనస్ ఇ’ అను పంక్తి. అది యున్నచో విఫలమైన ఆజ్ఞ యొద్దనే షెల్లు ఆగును. 1993లో ఆరంభమైన డెబియన్ వారి నియమావళియు, ఈ పంక్తినైన వ్రాయవలెను, లేదా ప్రతి ఆజ్ఞ ఫలితమునైన పరీక్షింపవలెను అని చెప్పుచున్నది.

అంతటితో చాలునని మేము చెప్పజాలము. ఒక ఆజ్ఞ పలుకులను మరియొక ఆజ్ఞకు అందించు ‘పైపు’ ఉన్నచోట షెల్లు చివరిదాని సంఖ్యనే చూచును. పరీక్షలు విఫలమైనను, ఆ వార్తను ఫైలులో వ్రాసికొను ఆజ్ఞ సున్న ఇచ్చినచో అంతయు కుశలమే! ‘పైప్‌ఫెయిల్’ అను అమరిక ఈ కన్ను తెరిపించును. 2024 నాటి పోసిక్స్ ప్రమాణములో దానికి చోటు దొరకినది. ‘ఇఫ్’ అను షరతులోని ఆజ్ఞ విఫలమైనను ‘సెట్ మైనస్ ఇ’ ఊరకుండును గనుక, ఫోల్డరు మార్చుట, తుడుచుట వంటి వాటిని విడిగా పరీక్షించుటయే మాకు సమ్మతము. మూటను తాత్కాలికమైన పేరుతో కట్టి, అన్నియు నెరవేరిన పిదప మాత్రమే అసలు పేరు పెట్టినచో, నడుమ ఆగిన మూటను పూర్తిమూటగా ఎవ్వరును పొరబడరు.