కారు మీద రంగు తుంపర... మట్టి ముద్దతో మాయం!

మీకు తెలుసా? బిలాస్‌పూర్ నుంచి రతన్‌పూర్ మహామాయ అమ్మవారి గుడికి సుమారు 25 కిలోమీటర్లే. కారు తళతళా కడిగి దర్శనానికి బయల్దేరదామనుకున్న రోజే పక్కింటాయన గేటుకు స్ప్రే పెయింట్ కొట్టిస్తాడు. అమ్మవారిది మహామాయ... ఎగిరొచ్చి మీ బానెట్ మీద వాలే తుంపరది మాయదారి మాయ!

మీకు తెలుసా? పాతరకం స్ప్రే గన్‌తో కొడితే సగానికి పైగా రంగు గాలిపాలే. ఖర్చు ఆయనది, రంగు మీకు ఉచితం!

మీకు తెలుసా? స్ప్రే గన్‌కు తాత ఓ డాక్టరు! అమెరికాలోని టొలీడోలో డాక్టర్ అలెన్ డెవిల్బిస్ 1888 ప్రాంతంలో గొంతులో మందు చల్లే పరికరం తయారుచేశాడు. కొడుకు థామస్ ఆ కిటుకుతోనే రంగు చల్లే గన్ చేశాడు. తండ్రి గొంతులు కాపాడితే, కొడుకు మన కార్ల గొంతు కోశాడన్నమాట!

మీకు తెలుసా? కంటికి చిక్కని తుంపర చేతికి చిక్కుతుంది. కారు కడిగి, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి నిమరండి. గరుగ్గా తగిలిందా? దొంగ దొరికాడు!

మీకు తెలుసా? రంగును కాపాడే క్లియర్ కోట్ మందం దాదాపు 40-50 మైక్రాన్లే. తలవెంట్రుక సుమారు 70! గిన్నెలు తోమే పీచు పట్టారో, మరక కంటే ముందు మెరుపు పోతుంది.

మీకు తెలుసా? ఈ తుంపరకు విరుగుడు క్లే బార్ అనే మట్టి ముద్ద! సబ్బునీళ్లు చల్లి, నొక్కకుండా జారిస్తే తుంపరను పీకేస్తుంది. జపాన్‌కు చెందిన తడావో కొడాటేకు దీనిమీద 1995లో అమెరికా పేటెంటే వచ్చింది. చెరువు మట్టి తెచ్చేరు సుమా, ఇది సన్నటి రాపిడి పొడి కలిపిన కృత్రిమ ముద్ద!

మీకు తెలుసా? ఆ ముద్ద ఒక్కసారి కింద పడితే చెత్తబుట్టకే. ఒక్క ఇసుక రేణువు అంటుకున్నా కారంతా ముగ్గులే!

మీకు తెలుసా? కంపెనీ రంగు దాదాపు 140 డిగ్రీల వేడిలో కాలి గట్టిపడుతుంది. షెడ్డులో కొట్టించిన రంగుకు ఆ యోగం లేదు. దానిమీద థిన్నర్ రాస్తే తుంపరతో పాటు అసలు రంగూ గుడ్డలోకి రావొచ్చు!

అన్నిటికన్నా చవకైన చిట్కా తెలుసా? పక్కింట్లో కంప్రెసర్ మోగగానే కారును వేరే వీధిలో పెట్టేయండి. పైసా ఖర్చు లేదు!