నారు తక్కువ, మడి పెద్దది

“చిన్న పనే అక్కా. గురువారం చేయించుకుంటే సోమవారానికల్లా లాగిన్ అయిపోవచ్చట” అన్నాడు మా పిన్ని కొడుకు. వాడికి 29 ఏళ్లు. గచ్చిబౌలిలో ఉద్యోగం, కొండాపూర్‌లో ముగ్గురితో కలిసి అద్దె ఫ్లాటు. నుదుటికి రెండు పక్కలా, కణతల పైన జుట్టు వెనక్కి జరిగింది. నడినెత్తి మీద ఇంకా ఒత్తుగానే ఉంది. 800 గ్రాఫ్టులు, అంటే కుదురుతో సహా తీసి నాటే చిన్న చిన్న తునకలు, సరిపోతాయని డాక్టరు చెప్పారట. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ లెక్కల్లో ఇది నిజంగా చిన్నదే. రెండు మూడు వేల గ్రాఫ్టులు వేయించుకునేవాళ్లు మాదాపూర్ నుంచి జూబ్లీహిల్స్ దాకా ఏ క్లినిక్‌లో చూసినా కనిపిస్తారు. అయినా ఆ ‘చిన్న’ అన్న మాట నాకు మింగుడుపడలేదు. వాడితో పాటు రెండుసార్లు డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆపరేషన్ రోజంతా అక్కడే కూర్చున్నాను. ఆ తర్వాత నెల నెలా వాడి తల చూస్తూ వచ్చాను. వాడిలాంటి కుర్రాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు ముందే తెలుసుకుంటే బాగుండుననిపించినవి ఇక్కడ రాస్తున్నాను.

ఐటీ కారిడార్‌లో జుట్టు ఊడటానికి కారణం ఏమిటని ఎవరిని అడిగినా ముందు నీళ్ల పేరే చెబుతారు. హాస్టల్లో బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకరు నీళ్లు, మంజీర నీళ్లు వచ్చే అపార్ట్‌మెంట్ దొరికితే అదృష్టం. “హైదరాబాద్ వచ్చాకే ఊడింది” అని మావాడూ గట్టిగా నమ్మాడు. ఉప్పు నీళ్లు వెంట్రుకను గరుకుగా మారుస్తాయి, దువ్వితే తెగేలా చేస్తాయి, నిజమే. కానీ చర్మం లోపల ఉన్న కుదురును అవి చంపవు. ఊరు వదిలి ఉద్యోగానికి వచ్చేదీ ఇరవై రెండు ఇరవై మూడేళ్లకే, వంశపారంపర్యంగా వచ్చే బట్టతల బయటపడేదీ ఎక్కువగా ఆ వయసులోనే. రెండూ ఒకే కాలంలో రావడంతో బోడిగుండుకీ మోకాలికీ ముడిపడింది. అసలు కారణం డీహెచ్‌టీ అనే హార్మోను. టెస్టోస్టిరాన్ నుంచి శరీరమే దీన్ని తయారుచేసుకుంటుంది. పుట్టుకతోనే దీనికి లొంగే గుణం ఉన్న కుదుళ్లు ఏడాదికేడాది కుంచించుకుపోయి, ముందు సన్నని నూగు వెంట్రుకను మిగులుస్తాయి, చివరికి అదీ లేకుండా పోతుంది.

తల వెనకభాగంలో, చెవుల పైన ఉన్న కుదుళ్లకు ఈ గుణం చాలా తక్కువ. అందుకే ఎంత బట్టతల వచ్చినా వెనక అర్ధచంద్రాకారంలో జుట్టు మిగులుతుంది. ఆ కుదురును అక్కడి నుంచి తీసి నుదుటి మీద నాటినా దాని స్వభావం మారదని న్యూయార్క్ చర్మవైద్యుడు నార్మన్ ఓరెంట్రైక్ 1950ల్లో చూపించారు. ఆయన 1959లో ప్రచురించిన ఆ పరిశీలన మీదే ఈనాటికీ ఈ చికిత్స అంతా నిలబడి ఉంది. అంతకు ముందే, 1939లో, జపాన్‌లో షోజీ ఒకుడా చిన్న గుండ్రటి ముక్కలుగా వెంట్రుకలున్న చర్మాన్ని నాటి చూపించారు గానీ యుద్ధకాలంలో ఆ సంగతి ప్రపంచానికి చేరలేదు.

ఇక్కడ మార్చి నాటేది వెంట్రుకను కాదు, కుదురును. గుండు కొట్టించుకుంటే జుట్టు మళ్లీ వస్తుంది కదా, కుదురు లోపల భద్రంగా ఉంటుంది కాబట్టి. ట్రాన్స్‌ప్లాంట్‌లో మాత్రం తల వెనక నుంచి కుదురుతో సహా తీస్తారు. తీసిన చోట మరి మొలవదు. మన పల్లెల్లో అందరికీ తెలిసిన పోలిక చెప్పాలంటే ఇది నారు తీసి నాటు వేయడమే. తేడా ఒక్కటే. నారుమడిలో వచ్చే ఏడు మళ్లీ విత్తనం చల్లుకోవచ్చు, ఇక్కడ ఆ వీలు లేదు. ఉన్న నారే జన్మంతటికీ.

ఈ ఒక్క సంగతి మనసుకెక్కితే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ఒక గ్రాఫ్టులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలుంటాయి, సగటున రెండు. చాలామందికి జీవితకాలంలో వెనక పలచబడకుండా తీయగలిగేవి నాలుగైదు వేల నుంచి ఆరేడు వేల గ్రాఫ్టులు. కొత్తగా నాటే చోట చదరపు సెంటీమీటరుకు సుమారు 40 వేస్తారనుకుంటే, 800 గ్రాఫ్టులు నిండేది 20 చదరపు సెంటీమీటర్లు. అగ్గిపెట్టె కన్నా కాస్త ఎక్కువ. నెత్తంతా పోయిన మనిషికి నింపాల్సిన జాగా దాదాపు 200 చదరపు సెంటీమీటర్లు. లెక్క కడితే 8,000 కావాలి. నారు అంత లేదు.

మావాడి విషయంలో డాక్టరు పెన్సిల్‌తో ఈ లెక్కే వేసి చూపించారు. వాడు ఫోన్‌లో ఒక సినిమా హీరో ఫొటో చూపించి, నుదుటి గీత అంత కిందికి, అంత తిన్నగా కావాలన్నాడు. ఆయన వాడిని అద్దం ముందు నిలబెట్టి, స్కెచ్ పెన్నుతో రెండు గీతలు గీశారు. ఒకటి వాడు అడిగింది, ఇంకొకటి దానికి వేలెడంత పైన, అంచులు కొద్దిగా వంపు తిరిగి, అక్కడక్కడా కావాలనే తప్పినట్టు ఉన్నది. “మీ నాన్నగారికి నలభై ఏళ్లకు ఎంత మిగిలింది?” అని అడిగారు. మా బాబాయికి నలభై ఏళ్లకే నెత్తంతా నున్నగా ఉంది. కింది గీత దాకా ఇప్పుడు నింపితే, రేపు ఆ గీత వెనక నెత్తి మీదున్న సొంత జుట్టు పోయినప్పుడు ముందు ఒక తీగలా కొత్త జుట్టు, దాని వెనక ఖాళీ మిగులుతాయి. అప్పుడు పూడ్చడానికి నారు చాలకపోవచ్చు. వాడు పై గీతకే ఒప్పుకున్నాడు. ఆ పది నిమిషాలూ నాకు ఆపరేషన్ కన్నా ముఖ్యమైనవిగా తోచాయి. ఇలా ఇంటి చరిత్ర అడగకుండా గ్రాఫ్టుల సంఖ్య చెప్పేసే చోటు నుంచి లేచి వచ్చేయడం మంచిది.

ట్రాన్స్‌ప్లాంట్ ఉన్న జుట్టు రాలకుండా ఆపదు. దానికి మందులే వాడాలి. మినాక్సిడిల్ మొదట రక్తపోటు మాత్రగా వచ్చింది. వాడినవాళ్లకు వెంట్రుకలు పెరగడం గమనించి తలకు రాసే మందుగా మార్చారు. ఫినాస్టరైడ్ డీహెచ్‌టీని తగ్గిస్తుంది. అమెరికాలో 1997లో బట్టతలకు అనుమతి పొందింది. కొద్దిమందిలో లైంగిక ఆసక్తి తగ్గడం, మనసు దిగులుగా ఉండటం వంటివి కనిపిస్తాయి కాబట్టి ఇది డాక్టరుతో అన్నీ విప్పి మాట్లాడి మొదలుపెట్టాల్సిన మందు. గర్భిణులు ఆ మాత్ర ముక్కలను ముట్టుకోకూడదు.

అసలు ఆపరేషనే అక్కర్లేని జుట్టు రాలడం కూడా ఉంది. డెంగీ, టైఫాయిడ్, ఉన్నట్టుండి తిండి మానేసి బరువు తగ్గడం, కాన్పు వంటివాటి తర్వాత రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. చాలామందిలో అది తిరిగి వచ్చేస్తుంది. థైరాయిడ్, రక్తహీనత ఉంటే ముందు వాటిని సరిచేయాలి. పేనుకొరుకుడు వల్ల జుట్టు ఇంకా రాలుతున్న దశలో నాటినా నిలవదు.

ఇక చేసేవాళ్ల సంగతి. ఇది గట్టిగా చెప్పాలి. 2016లో చెన్నైలో 22 ఏళ్ల వైద్య విద్యార్థి జుట్టు మార్పిడి చేయించుకుని చనిపోయాడు. కాన్పూర్‌లో ఇద్దరు ఇంజినీర్లు ఇదే చికిత్స తర్వాత చనిపోయిన ఉదంతం 2025లో బయటపడింది. చికిత్స చేశారన్న ఆరోపణపై ఒక దంతవైద్యురాలి మీద కేసు నమోదైంది. ఇలాంటివి అరుదే. కానీ మత్తుమందు మోతాదు మించినా, అది పడకపోయినా, ఇన్‌ఫెక్షన్ ముదిరినా నిమిషాల్లోనో రోజుల్లోనో ప్రాణం మీదికి వస్తుంది. జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇస్తూ, ఇది శిక్షణ పొందిన చర్మవైద్యులు, ప్లాస్టిక్ సర్జన్లు చేయాల్సిన పని అనీ, యూట్యూబ్ చూసి నేర్చుకోవడం శిక్షణ కాదనీ చెప్పింది. ఒక సర్కారు సంస్థ ఆ మాట కాగితం మీద రాయాల్సి వచ్చిందంటే బయట పరిస్థితి ఎలా ఉందో ఊహించుకోవచ్చు.

కాబట్టి మొహమాటం వద్దు. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో చూసుకోండి. తల వెనక కుదుళ్లు తీసేది ఎవరు, గాట్లు పెట్టేది ఎవరు, టెక్నీషియన్లు చేసేది ఎంతవరకు అని అడగండి. గదిలో ఆక్సిజన్, అత్యవసర మందులు ఉన్నాయా, పరిస్థితి విషమిస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళతారు అని అడగండి. మావాడు ముందు వెళ్లిన ఒకచోట డాక్టరే కనిపించలేదు. కౌన్సెలర్‌నంటూ ఒకాయన వచ్చి, నెలాఖరు ఆఫర్ అని, ఈఎంఐ అని, సాయంత్రంలోగా అడ్వాన్స్ కట్టమని ఒత్తిడి పెట్టాడు. రేటు చెప్పేటప్పుడు అది గ్రాఫ్టుకా, వెంట్రుకకా అన్నది కూడా తేల్చుకోవాలి. ఈ రెంటికీ మధ్య లెక్క రెట్టింపు అవుతుంది. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా మామూలుగా దీనికి వర్తించదు. వైద్యసేవలకున్న జీఎస్టీ మినహాయింపు కూడా అందం కోసం చేయించుకునే జుట్టు మార్పిడికి లేదు.

ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్షలు చేశారు: చక్కెర, రక్తం గడ్డకట్టే సమయం, హెచ్‌ఐవీ, హెపటైటిస్. ఆ రోజు పొద్దున టిఫిన్ తిని, ముందర బొత్తాలున్న చొక్కా వేసుకుని రమ్మన్నారు. టీ షర్టు అయితే తిరిగి విప్పేటప్పుడు తలకు రాసుకుంటుంది. వెనక జుట్టు మిషన్‌తో దగ్గరగా కత్తిరించారు. మత్తు ఇంజక్షన్లే అన్నింటికన్నా నొప్పి అని వాడు తర్వాత చెప్పాడు. వరసగా గుచ్చుతున్నప్పుడు రెండు మూడు నిమిషాలు కళ్లలో నీళ్లు తిరిగాయట. ఆ తర్వాత తల మొద్దుబారిపోయింది. బోర్లా పడుకోబెట్టి, మిల్లీమీటరుకు అటూ ఇటుగా ఉండే గుండ్రటి పంచ్‌తో ఒక్కొక్క కుదురు చుట్టూ గాటు పెట్టి తీశారు. దీన్నే ఎఫ్‌యూఈ అంటారు. వెనక నుంచి చర్మాన్ని పట్టీలా కోసి తీసి కుట్లు వేసే పాత పద్ధతి ఎఫ్‌యూటీ. అందులో గీతలాంటి మచ్చ ఉంటుంది. ఎఫ్‌యూఈలో మచ్చ అసలే ఉండదనడం నిజం కాదు. చుక్కలు చుక్కలుగా ఉంటుంది, జుట్టు కాస్త పెరిగితే కనిపించదు.

మధ్యాహ్నం నన్ను అద్దం అవతల నుంచి చూడనిచ్చారు. చల్లని సెలైన్ ఉన్న గాజు పళ్లెంలో గ్రాఫ్టులు పదేసి చొప్పున వరసలు పెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటి బియ్యపు గింజలో సగం కూడా ఉండదు, అడుగున తెల్లటి బుడిపె, పైన నల్లటి పుల్ల. టెక్నీషియన్ అమ్మాయి భూతద్దం కింద వాటిని విడదీస్తూ “సింగిల్, డబుల్, డబుల్, త్రిబుల్” అంటుంటే పక్కనున్నావిడ కాగితం మీద గీతలు పెడుతోంది. ఒంటి వెంట్రుకవి నుదుటి అంచుకు, రెండు మూడున్నవి వాటి వెనకకు. ఆ అంచు సహజంగా కనిపించేది ఈ వేరు చేయడం వల్లే. పొద్దున తొమ్మిదికి మొదలై, భోజనానికి ఒక గంట పోను, మూడున్నరకు అయిపోయింది. లెక్క కాగితం మా చేతికిచ్చారు, 812.

ఇంటికొచ్చాక మూడు నాలుగు రాత్రులు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. మూడోరోజు పొద్దున వాడు భయపడుతూ ఫోన్ చేశాడు. నుదురు ఉబ్బి, వాపు కనురెప్పల మీదికి దిగింది. ఇది చాలామందికి వస్తుంది, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. సోమవారం లాగిన్ అయితే అయ్యాడు గానీ వారమంతా ఇంటి నుంచే, కెమెరా ఆపేసి. సెలైన్ స్ప్రే కొట్టుకోవాలి. తల ఎప్పుడు, ఎలా కడుక్కోవాలో డాక్టరు చూపిస్తారు. షవర్ ధార నేరుగా పడకూడదు. నాటిన చోట పక్కులు కడతాయి, గోకితే గ్రాఫ్టు ఊడొస్తుంది. తొమ్మిది పది రోజులకు కుదుళ్లు గట్టిపడతాయి, పక్కులు రాలిపోతాయి. హెల్మెట్ రెండు వారాల దాకా వద్దన్నారు. హెల్మెట్ లేకుండా బండి నడపడం ఎలాగూ తప్పు కాబట్టి ఆ రోజులు మెట్రో, ఆటో. జిమ్ కూడా ఆగాలి. జ్వరం, చీము, నాలుగైదు రోజుల తర్వాత తగ్గాల్సిన నొప్పి పెరగడం, తీసిన చోటో నాటిన చోటో చర్మం నల్లబడటం కనిపిస్తే మర్నాటిదాకా ఆగకూడదు. ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం ఉంటే నేరుగా ఎమర్జెన్సీకే.

మనసుకు కష్టం కలిగేది ఆ తర్వాత. రెండో వారం నుంచి ఆరో వారం లోపు నాటిన వెంట్రుకలు రాలిపోతాయి. “మొత్తం పోయింది అక్కా, డబ్బులు బూడిదలో పోసినట్టే” అన్నాడు. పోలేదు. పైనున్న పుల్ల రాలింది, కుదురు లోపల విశ్రాంతిలో ఉంది. పక్కనున్న పాత జుట్టు కూడా కొంత రాలవచ్చు. మూడో నెల, నాలుగో నెల మధ్య సన్నగా, వంకరగా కొత్తవి పొడుస్తాయి. వెంట్రుక నెలకు ఒక సెంటీమీటరే పెరుగుతుంది. ఆరు నెలలకు సగం రూపు, ఏడాదికి పూర్తి రూపు. శ్రావణంలో పెళ్లి పెట్టుకుని జ్యేష్ఠంలో చేయించుకుంటే పెళ్లి ఫొటోలో ఉండేది రాలిన తల. ముహూర్తానికి ఏడాది ముందు చేయించుకోవాలి, లేదా పెళ్లయ్యాక.

మావాడికి ఇప్పుడు తొమ్మిదో నెల. తల వెనక కొన్ని వారాలున్న తిమ్మిరి పోయింది. కణతల పైన జుట్టు దువ్వితే నిలుస్తోంది, వేళ్లతో విడదీసి చూస్తే పక్కనున్న పాతదాని కన్నా కొంచెం పలచనే. నడినెత్తి కోసం రోజూ రాత్రి మినాక్సిడిల్ రాసుకుంటున్నాడు. మొన్న పిన్ని నాతో పాటు డాక్టరు దగ్గరికి వచ్చి, ఇన్నాళ్లూ మనసులో ఉంచుకున్న ప్రశ్న అడిగింది. వాడికి ఉద్యోగం వస్తే తిరుమలలో తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకుందట. “గుండు కొట్టిస్తే నాటినవి పోతాయా బాబూ?” కుదురు ఒకసారి పట్టుకున్నాక కత్తి దాన్నేమీ చేయదని ఆయన చెప్పారు. ఏడాది నిండనిచ్చి వెళ్లమన్నారు. పిన్ని సంచిలోంచి చిన్న డైరీ తీసి, ఆ నెల రాసుకుంది.