చెఱసాలలో స్తుతి

భగవంతుని స్తుతింపవలెనని కూర్చున్నను నోట మాట రాని ఉదయములు భక్తులకును కలవు. ఇంట జబ్బు, చేత లేమి, తలపెట్టిన కార్యము తప్పిపోవుట - ఇట్టి సమయములందు సహస్రనామ పారాయణము సగములోనే ఆగిపోవును. విశ్వాసము సన్నగిల్లినదేమో యని మనము సిగ్గుపడుదుము. ఆ సిగ్గు అవసరమా యన్న ప్రశ్నకు భద్రాచల రామదాసు పాటలలో సమాధానము దొరకునని మాకు తోచుచున్నది.

నేలకొండపల్లి వాడైన కంచెర్ల గోపన్న, గోలకొండను 1672 నుండి 1687 వరకు ఏలిన అబుల్ హసన్ తానీషా కొలువున పాల్వంచ పరగణాకు తహసీలుదారు. అక్కన్న మాదన్నలకు మేనల్లుడు. సర్కారునకు చెల్లవలసిన శిస్తు సొమ్ముతో భద్రగిరిపై రామాలయము కట్టించి చెఱసాల పాలయ్యెను. పండ్రెండేండ్లని సంప్రదాయము చెప్పుచున్నది. గోలకొండ కోటలో ఆయన పేర పిలువబడు చీకటి గదిని నేటికిని చూడవచ్చును.

ఆ చెఱలోని వేదనగా లోకము పాడుకొను కీర్తన యొకటి కలదు. అందు వేదాంతము లేదు, ఉన్నది జమాఖర్చు. భరతునకు పచ్చల పతకము, శత్రుఘ్నునకు బంగారు మొలత్రాడు, సీతమ్మకు చింతాకు పతకము - దేనికెన్ని వరహాలైనవో లెక్క చెప్పి, ఎవరి సొమ్మని ఈ కులుకని రాముని నిలదీయును. దీనిని నిందాస్తుతి యని పండితులందురు. మాకు మాత్రమిది తహసీలుదారు ప్రార్థన. జీవితమంతయు లెక్కలు వ్రాసిన చేయి, కష్టము వచ్చినప్పుడు దేవుని ముందు పెట్టగలిగినది ఆ లెక్కల పుస్తకమునే. దాశరథీ శతకమున వృత్తములను నడిపిన చేయియు నదే సుమా! మాటలకు కొదువ గలవాడు కాడు. దెబ్బలు తినువానికి సమాసములు కూర్చు తీరిక యెక్కడిది?

ఆ కీర్తన చివర ఆయన క్షమాపణ కోరును. ఆ కోరుటలోనే విశేషమున్నది. అన్నమాట అనలేదనడు, దెబ్బలకు తాళలేక తిట్టితినని, మనసున పెట్టుకోవద్దని వేడుకొనును. వినువాడు లేడనుకొన్నవాడు క్షమాపణ యెవరిని కోరును? నమ్మకమంతయు ఆ ఒక్క వేడుకోలులో మిగిలియున్నది.

ఈ కీర్తనలకు సంగీత పాండిత్యము అక్కరలేదు. చిడతలు చాలును, అవియు లేకున్న చప్పట్లు చాలును. కొన్నింట రామనామము తప్ప వేరు భావమే లేదు. అయినను త్యాగరాజస్వామి అంతటివాడు రామదాసు బంధవిమోచనమును తన కీర్తనలో స్మరించెను. విజయవాడ రేడియో కేంద్రపు భక్తిరంజని మూలమున, మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930-2016) కంఠమున, ఈ పాటలు వంటయిండ్ల దాక వచ్చినవి.

మా మేనత్తగారొకరు, కుమారుడు మంచము పట్టిన యేడాది, స్తోత్ర పుస్తకము తెరువలేదు. సంధ్యవేళ దీపము ముందు నిలిచి, “ఏమయ్యా రామయ్యా, నీకు కనబడుటలేదా?” యని గట్టిగా అడిగెడివారు. కొంతసేపూరకుండి, వత్తి ఎగద్రోసి, పిల్లవానికి జావ కాచుటకు లోనికి వెళ్లెడివారు. ఆ యేడాది ఆ దీపము వెలుగని సంధ్య మాకు జ్ఞాపకము లేదు.