అమ్మమ్మ పెట్టెకు పాత ఫొటోలు
బీరువా అడుగున శుభలేఖలు, రైలు టికెట్లు, మసకబారిన ఫొటోలు ఉన్నాయా? మతిమరుపు మొదలైన అమ్మమ్మతో కూర్చుని వాటితో ఓ చెక్కపెట్టెకు డెకూపేజ్ చేయండి. అసలు ఫొటోలు మాత్రం కత్తిరించొద్దు. ఒకసారి జిగురు అంటితే మళ్లీ దక్కవు. లేజర్ ప్రింట్లు తీయించండి. ఇంక్‌జెట్‌వైతే తడికి రంగు చెదురుతుంది.

తెల్ల జిగురులో కాసిన్ని నీళ్లు కలిపి పెట్టెకు పూసి, బొమ్మ అతికించి, మధ్య నుంచి అంచులకు వేలితో నొక్కండి, బుడగలు పోతాయి. ఆరాక పైన మరో రెండు పూతలు. ఘాటు వార్నిష్ వద్దు, ఆయాసం ఉన్నవాళ్లకు పడదు.

అన్నట్టు, ‘ఇదెవరో చెప్పు’ అని పరీక్ష పెట్టకండి. పేరు గుర్తురాకపోతే చిన్నబుచ్చుకుంటారు. ‘ఈ చీర భలే ఉందే అమ్మమ్మా’ అంటే చాలు, మాటలు వాటంతటవే వస్తాయి. పొరపాటు చెప్పినా సరిదిద్దకండి. పెట్టె పూర్తయ్యాక అందులో ఆమె కళ్లజోడు పెట్టండి, రోజూ చేతికి తగులుతుంది.