తెరపై పేరు కనిపిస్తే ఆఫీసుకు చేరినట్టేనా? ఆన్‌లైన్ ఫారం లోపల జరిగేది ఇదీ

హైదరాబాద్: హజ్ దరఖాస్తులు మొదలైతే నాంపల్లి హజ్ హౌస్‌కు సాయం కోసం కుటుంబాలు వస్తుంటాయి. దరఖాస్తు మాత్రం ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే. హజ్ కమిటీ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో గానీ, 2024లో వచ్చిన హజ్ సువిధ యాప్‌లో గానీ నింపాలి. పాస్‌పోర్టులో ‘మొహమ్మద్’ అని పూర్తిగా ఉంటే, ఫారంలో ‘ఎండీ’ అని కొడితే తర్వాత తిప్పలే. అందుకే ఫారంలో కొట్టిన అక్షరం ఎక్కడికి వెళ్తుందో అందరూ తెలుసుకోవాలి.

టూ-వే బైండింగ్ అంటే?

పాత తరహా ఫారాల్లో మనం కొట్టింది గడిలోనే ఉండేది. సబ్మిట్ నొక్కాకే ప్రోగ్రాం దాన్ని చదివేది. ఇప్పటి చాలా ఫారాల్లో గడికీ, బ్రౌజర్ మెమరీలో ఉండే డేటాకీ ముడి వేస్తారు. గడిలో అక్షరం కొడితే డేటా మారుతుంది. డేటా మారితే గడి దానంతటదే మారుతుంది. ఇదే టూ-వే బైండింగ్.

‘శాశ్వత చిరునామా కూడా ఇదే’ అన్న చోట టిక్ పెట్టగానే కింది గడులు నిండిపోతాయి కదా, అలాంటి పనులు దీనితో తేలిక. యాంగులర్‌లో ఎన్‌జీమోడల్, వ్యూలో వీ-మోడల్ ఈ ముడి వేస్తాయి. రియాక్ట్‌లో ముడి దానంతటదే పడదు. డేటా గడిలోకి వస్తుంది గానీ, కొట్టిన అక్షరాన్ని తిరిగి డేటాలోకి పంపే కోడ్ ప్రోగ్రామరే రాయాలి.

ముడి బ్రౌజర్ వరకే

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఈ మెమరీ మీ ఫోన్‌లోనో, నెట్ సెంటర్ కంప్యూటర్‌లోనో ఉంటుంది, ఆఫీసు సర్వర్‌లో కాదు. పేరు తెరపై చక్కగా కనిపించినా, సేవ్ లేదా సబ్మిట్ అయ్యేదాకా సాధారణంగా అది ఆఫీసుకు చేరదు. మధ్యలో పేజీ రిఫ్రెష్ చేస్తే కొట్టిందంతా పోవచ్చు. దరఖాస్తు నంబర్ చేతికి వచ్చాకే పని అయినట్టు.

ఇంకో సంగతి. ఈ ముడి తప్పును కూడా అంతే నమ్మకంగా మోస్తుంది. నెట్ సెంటర్ బ్రౌజర్ ఆటోఫిల్‌లో ముందు వచ్చినవాళ్ల చిరునామా పెడితే, అదే మీ డేటాలోకి వెళ్తుంది.

ఎర్ర గీత ఏం పట్టుకుంటుంది?

భారత పాస్‌పోర్టు నంబర్‌లో ఒక ఇంగ్లిష్ అక్షరం, 7 అంకెలు ఉంటాయి. 6 అంకెలే కొడితే ఫారం వెంటనే చెప్పగలదు. రెండు అంకెలు అటూఇటూ అయితే మాత్రం లెక్క సరిపోయింది కాబట్టి వదిలేస్తుంది. బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో 11 అక్షరాలు ఉంటాయి, అయిదోది సున్నా. అక్కడ ‘ఓ’ అక్షరం కొట్టడం మామూలు పొరపాటు. ఫారం చూసేది రూపం సరిగా ఉందా అనే, అది మీదేనా అన్నది కాదు.

ఫారాలు రాసే పిల్లలకు

వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకుంటున్న మన పిల్లలు మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. ఖాతా నంబర్‌ను అంకెగా ముడి వేస్తే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, టెక్స్ట్‌గానే ఉంచాలి. బ్రౌజర్‌లో చేసిన తనిఖీని దాటేయడం కష్టం కాదు కాబట్టి సర్వర్‌లో మళ్లీ చూడాలి. మన కుటుంబాల్లో చాలామంది పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. ఫారంలో దాన్ని తప్పనిసరి చేస్తే వాళ్లు ఏదో ఒకటి కొట్టక తప్పదు, పేరు అక్కడే మారిపోతుంది.

సబ్మిట్‌కు ముందు

పాస్‌పోర్టు ఒకరు అక్షరం అక్షరం పైకి చదవాలి, ఇంకొకరు తెరపై సరిచూడాలి. చిన్నప్పటి నుంచి ఇంట్లో పిలిచే పేరు కాదు, పాస్‌పోర్టులో ఉన్న పేరే కావాలి. ఆ తర్వాతే సబ్మిట్ నొక్కి, కాపీ దాచుకుని, నెట్ సెంటర్‌లో అయితే లాగౌట్ చేసి లేవాలి.