రోజుకు రెండు గంటలతో ఎంబీబీఎస్ సీటు: ముందు గంటల లెక్క

డ్యూటీ అయ్యాక రోజుకు రెండు గంటలు, ఆదివారం ఆరు గంటలు. ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసే స్టాఫ్ నర్సుకో, మందుల షాపులో ఉండే ఫార్మసిస్టుకో చదువుకోవడానికి దొరికే సమయం దాదాపు ఇంతే. వాళ్లు నీట్ రాయాలా వద్దా అని అడిగితే ‘పట్టుదల ఉంటే చాలు’ అని చెప్పి పంపడం నాకు నచ్చదు. ‘ఈ వయసులోనా’ అనడం అంతకన్నా అన్యాయం. గరిష్ఠ వయోపరిమితిని 2022లోనే ఎత్తేశారు. ఎన్నిసార్లయినా రాయొచ్చు. కాబట్టి చూసుకోవాల్సింది గంటలనే.

వారానికి 18 గంటలు. జూలై మొదట్లో పుస్తకం పడితే మే మొదటి వారానికి దాదాపు 43 వారాలు, అంటే 774 గంటలు. జ్వరాలు, పెళ్లిళ్లు, సంక్రాంతి, వరుస నైట్ డ్యూటీలు పోను 650 మిగిలితే గొప్ప. ఇరవై గ్రాండ్ టెస్టులైనా రాయాలి. ఒక్కోదానికి రాయడానికి మూడు గంటలు, తప్పులు చూసుకోవడానికి మూడు గంటలు, మొత్తం 120. మిగిలేవి 530. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో రెండేళ్లకు కలిపి జీవశాస్త్రం 32, భౌతికశాస్త్రం 28, రసాయనశాస్త్రం 19, మొత్తం 79 అధ్యాయాలు. ఒక్కో అధ్యాయానికి ఆరు గంటల నలభై నిమిషాలు వస్తాయి. చదవడం, బిట్లు చేయడం, మళ్లీ మళ్లీ తిరగేయడం అన్నీ అందులోనే. హాస్టల్లో ఉండి లాంగ్ టర్మ్ చదివే విద్యార్థి వారానికి 60 గంటలు కూర్చుంటే అదే కాలంలో 2,580 గంటలు చదువుతాడు. మీకన్నా నాలుగు రెట్లు.

బైపీసీ గట్టిగా చదివి రెండు మూడేళ్లే అయినవారికి 650 గంటలు అక్కరకు రావచ్చు. ఇంటర్ దాటి పదేళ్లయి, ఫిజిక్స్ మొదటి నుంచీ మొదలుపెట్టాల్సినవారికి అవి చాలవనే నా అభిప్రాయం. అలాంటివారు రెండేళ్లు, 1,300 గంటలు అనుకుని దిగడం మంచిది.

ఇక పోటీ. 2025లో సుమారు 22.09 లక్షల మంది పరీక్ష రాశారు, 12.36 లక్షల మంది అర్హత సాధించారు. జనరల్ కటాఫ్ 720కి 144. ఎంబీబీఎస్ సీట్లు దేశం మొత్తమ్మీద 1.2 లక్షలకు కాస్త అటూ ఇటూ. అంటే అర్హత వచ్చిన పదిమందిలో ఒకరికే సీటు. ‘క్వాలిఫై అయ్యాను’ అన్న మాటను నమ్ముకుని మరో ఏడాది పోగొట్టుకునేవారిని చూస్తే బాధేస్తుంది. మార్కుల లక్ష్యమూ ఏడాదికోలా మారుతుంది. 2024లో 600 మార్కులకు ర్యాంకు 80 వేల దగ్గర ఉండగా, పేపరు కఠినంగా వచ్చిన 2025లో 600 దాటినవారు సుమారు 1,300 మందే. అందుకే మార్కులను కాక ర్యాంకును చూడాలి. వరంగల్‌లోని కాళోజీ, విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయాల కౌన్సెలింగ్‌లో మీ కేటగిరీలో చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో వెతకండి.

తక్కువ గంటలున్నవారికి కలిసొచ్చేది జీవశాస్త్రం. 180 ప్రశ్నల్లో 90, 720 మార్కుల్లో 360 దానివే. అక్కడ 80 ఒప్పు, 10 తప్పు అయితే 310 మార్కులు. కెమిస్ట్రీలో 30 ఒప్పు, 8 తప్పుకు 112, ఫిజిక్స్‌లో 20 ఒప్పు, 8 తప్పుకు 72. మొత్తం 494. నాలుగు ఆప్షన్లలో రెండింటిని కొట్టేయగలిగిన ప్రశ్నకు ఊహించి రాసినా సగటున ఒకటిన్నర మార్కు వస్తుంది. ఏమీ తెలియకుండా గుడ్డిగా పెడితే వచ్చేది పావు మార్కే.

ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన లెక్క వేరే ఉంది. ఎంబీబీఎస్‌కు పార్ట్‌టైమ్ లేదు. నాలుగున్నరేళ్ల తరగతులు, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్. స్టైపెండ్ వచ్చేది ఇంటర్న్‌షిప్‌లోనే. నెలకు 25 వేలు తెచ్చే ఉద్యోగం వదిలితే 54 నెలల్లో 13.5 లక్షల జీతం పోతుంది. ఫీజు దానికి అదనం. ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటా అయితే ఏడాది ఫీజే పది లక్షలు దాటుతుంది. నా మట్టుకు, కన్వీనర్ కోటా ర్యాంకు అందదనిపిస్తే అప్పు చేసి ఆ దారిలో వెళ్లమని ఏ నర్సుకూ చెప్పను.

కోచింగ్‌కు డబ్బు కట్టకముందే పాత పేపరొకటి మూడు గంటలు గడియారం పెట్టుకుని రాయండి. తర్వాత ఆరు వారాలు, ఉద్యోగం చేస్తూనే, చదివిన గంటలు రాసిపెట్టుకోండి. 108 గంటలు, కనీసం 16 అధ్యాయాలు పూర్తవ్వాలి. ఆపైన ఇంకో పేపరు రాసి మార్కులు ఎంత పెరిగాయో చూడండి. ఆ గంటలు 60 దగ్గరే ఆగిపోతే 43 వారాలకు మీ చేతిలో ఉండేవి 430 గంటలే. అప్పుడు వచ్చే మే కాక, ఆపై మేకు ప్రణాళిక వేసుకోండి.